‘వెనుకబడిన’ సీమ: పత్రికారచనలో ఒక ఆంగ్ల విశేషణపు తెలుగు నడక

విశేషణం చేసే మొదటి పని వ్యావర్తనం. ‘నల్లని ఆవు’ అన్నప్పుడు ‘నల్లని’ అనే పదం ఆ ఆవును తక్కిన ఆవులనుండి వేరుచేస్తుంది. వేరుచేయవలసిన అవసరమే లేనిచోట, అంటే ఒకే ఒక్క వ్యక్తికో స్థలానికో చెందిన సంజ్ఞానామం ముందు విశేషణం వచ్చి కూర్చుంటే, అది మరేదో పని మీద వచ్చిందని మన వ్యాఖ్యాతలు గుర్తించారు. అభిప్రాయగర్భితమైన విశేషణాన్ని ఆలంకారికులు పరికరాలంకారానికి లక్షణంగా చెప్పారు. వాక్యంలోని క్రియకు కారణాన్ని తన కడుపులో దాచుకొన్న విశేషణాన్ని హేతుగర్భ విశేషణమన్నారు. ఈ పరిభాషను కావ్యపాఠానికే పరిమితం చేయడం మనకు అలవాటైపోయింది. దినపత్రికలోని వాక్యానికి కూడా దీనిని అన్వయించవచ్చునని, అన్వయిస్తే రాయలసీమకు సంబంధించిన ఒక పెద్ద వివాదంలో భాష నిర్వహిస్తున్న పాత్ర బయటపడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

పరిశీలనకు తీసుకొన్నది ఆంగ్లంలోని ‘బ్యాక్‌వర్డ్’ అనే అతిసాధారణ విశేషణం. దీనికి తెలుగులో స్థిరపడిన రూపం ‘వెనుకబడిన’. కర్నూలు, కడప జిల్లాల వార్తలలో ఈ పదం రాయలసీమ అనే నామానికి దాదాపు ఇంటిపేరులా అతుక్కొనిపోయింది. ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క నాకు ముఖ్యం కాదు. వాక్యంలో ఎక్కడ వస్తుంది, దేనితో జతకడుతుంది, వచ్చి దేనిని తొలగిస్తుంది అన్నదే ముఖ్యం. ఏ ఒక్క పత్రికనో తప్పుపట్టే ఉద్దేశం లేదు కనుక పత్రికల పేర్లు ఇవ్వలేదు. ఇచ్చిన వాక్యాలు ఎవరి వార్తనుండీ ఎత్తి రాసినవి కావు, జిల్లా సంచికలు చదివేవారందరికీ పరిచితమైన నమూనాలు.

‘బడు’ స్వరూపం

‘వెనుకబడిన’ అనేది భూతార్థక ధాతుజ విశేషణం. ఆంగ్లంలోని ‘బ్యాక్‌వర్డ్’ ధాతుజం కాదు. అందులో క్రియ లేదు, కాలం లేదు. అది ఒక దిక్కును, ఒక స్థితిని మాత్రమే చెబుతుంది. తెలుగులోకి వచ్చేసరికి దానికి క్రియ వచ్చింది, భూతకాలం వచ్చింది. క్రియ వచ్చిన వెంటనే కర్త కావాలి. ‘వెనుకబడిన రాయలసీమ’ అన్నప్పుడు వెనుకబడడమనే పని చేసిన కర్త ఎవరు? రాయలసీమే. ఆంగ్లపదం ఎవరినీ కర్తగా నిలబెట్టదు. అనువాదం మాత్రం బాధితురాలినే కర్తగా నిలబెట్టింది. అనువాదకుడు కావాలని చేసిన పని కాదిది. తెలుగు ధాతుజ విశేషణపు నిర్మాణమే అతనిచేత ఆ పని చేయించింది.

ఇక్కడ ఒక భ్రాంతికి అవకాశముంది. ‘చేయబడిన’, ‘నిర్ణయింపబడిన’, ‘అణచబడిన’ వంటి కర్మణి రూపాలకు అలవాటుపడిన చెవికి ‘వెనుకబడిన’ కూడా కర్మణి ప్రయోగంలాగే వినిపిస్తుంది. రెండింటిలోనూ ఉన్నది ‘పడు’ ధాతువే. కాని ‘చేయబడు’లో అది ‘చేయన్’ అనే క్రియారూపం మీద చేరి కర్మణ్యర్థాన్ని ఇస్తుంది. ‘వెనుకబడు’లో అది ‘వెనుక’ అనే నామం మీద చేరి, పడిపోవడమనే తన సొంత అర్థానికి దగ్గరగానే ఉండిపోతుంది. దీనికి సులభమైన పరీక్ష తృతీయావిభక్తి. ‘పాలకులచేత అణచబడిన ప్రాంతం’ అన్న వాక్యాన్ని తెలుగు అంగీకరిస్తుంది. ‘పాలకులచేత వెనుకబడిన ప్రాంతం’ అన్న వాక్యాన్ని అంగీకరించదు. ‘చేత’ ఇమడదు; ‘వల్ల’ ఇముడుతుంది. ‘కరవు వల్ల వెనుకబడిన’, ‘వర్షాభావం వల్ల వెనుకబడిన’, ‘ఫ్యాక్షన్ వల్ల వెనుకబడిన’ అన్నవి వార్తలలో నిరభ్యంతరంగా సాగిపోతాయి. కర్తకు తలుపు మూసి హేతువుకు మాత్రమే తలుపు తెరిచిన పదమిది. ఆ తలుపులోనుండి లోపలికి వచ్చేవి సాధారణంగా ఆకాశమూ, అక్కడి మనుషుల స్వభావమూను.

తెలుగులో ‘పడు’తో ఏర్పడిన క్రియలు చాలావాటికి ‘పెట్టు’తో ఏర్పడిన సకర్మక రూపం జంటగా ఉంటుంది. కష్టపడు, కష్టపెట్టు; బాధపడు, బాధపెట్టు; భయపడు, భయపెట్టు; నిలబడు, నిలబెట్టు. ఈ జంటల వల్ల భాషకు ఒక న్యాయబుద్ధి అబ్బింది. ‘కష్టపడ్డాడు’ అని వినగానే ‘ఎవరు కష్టపెట్టారు?’ అని అడగడానికి పదం సిద్ధంగా ఉంటుంది. ‘వెనుకబడు’కు మాత్రం వార్తాభాషలో ఆ జంట ఖాళీగా ఉంది. ‘సీమను వెనుకబెట్టిన ప్రభుత్వాలు’ అన్న ప్రయోగం వ్యాకరణరీత్యా అసాధ్యమేమీ కాదు, కాని అది ముద్రణలో స్థిరపడలేదు. పోనీ ‘వెనకేసు’ ఉంది కదా అంటే, ‘వెనకేసుకొన్నాడు’ అన్నమాటకు సొమ్ము కూడబెట్టాడని అర్థం. ఆ పదం వేరే వాళ్ళకు వాడుతుంటాం.

నామరూపాలు ఇంకో మెట్టు దిగాయి. ‘వెనుకబాటు’ వరకు క్రియ ఛాయ కొంత మిగిలే ఉంది. దానికి ‘తనం’ చేర్చి ‘వెనుకబాటుతనం’ అన్నారు. మంచితనం, సోమరితనం, పిరికితనం వంటి మాటలలో ‘తనం’ స్వభావాన్ని చెప్పే ప్రత్యయం. ఒక కాలంలో ఒకరి నిర్ణయాల మూలంగా జరిగిన సంఘటన ఈ ప్రత్యయం చేరగానే ఆ నేల స్వభావమైపోయింది. ‘రాయలసీమ వెనుకబాటుతనం’ అని శీర్షిక పెట్టిన విలేకరి ఆ ప్రాంతం మీద సానుభూతితోనే పెట్టి ఉండవచ్చు. ప్రత్యయానికి సానుభూతితో పనిలేదు.

కొన్నేళ్ళ కిందట పత్తికొండ ప్రాంతం నుండి వచ్చిన ఎం.ఏ. విద్యార్థి ఒకరు తరగతిలో ఈ పదాన్ని గురించి అడిగిన ప్రశ్న నాకీ వ్యాసానికి మూలం. పత్రికాభాష పాఠంలో నేను యథాలాపంగా ‘వెనుకబడిన ప్రాంతాలు’ అన్నాను. ‘వెనకబడినామంటే ఎవురికంటే సార్?’ అని అతడు అడిగాడు. తరగతి నవ్వింది. ప్రశ్న మాత్రం శుద్ధమైన వాక్యనిర్మాణ ప్రశ్న. ‘వెనుకబడు’ తారతమ్యాన్ని ఆకాంక్షించే క్రియ. ‘పోటీలో వెనుకబడ్డాడు’ అంటే ముందున్నవాడు ఒకడుంటాడు. ఇద్దరూ ఒకే గీత దగ్గర బయలుదేరి ఉంటారు. విశేషణస్థానంలోకి మారిన తరువాత ఆ ‘కంటే’ జారిపోతుంది. ‘రాయలసీమ వెనుకబడింది’ అన్న విధేయవాక్యాన్ని కాదనవచ్చు, ఎప్పుడని అడగవచ్చు, ఎవరికంటే అని నిలదీయవచ్చు. ‘వెనుకబడిన రాయలసీమ’ అన్న పదబంధం ఏమీ ప్రకటించదు. ప్రకటన ఎప్పుడో జరిగిపోయిందని, అందరూ ఒప్పుకొన్నారని అనుకొని ముందుకు సాగిపోతుంది.

‘దత్త’ అన్న పాత విశేషణం

ఈ ప్రాంతానికి విశేషణంతో చిక్కు కొత్తది కాదు. టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధాల ఫలితంగా 1792, 1799 సంవత్సరాలలో తనకు సంక్రమించిన భూభాగాలను హైదరాబాదు నిజాము 1800లో ఈస్టిండియా కంపెనీకి ధారపోశాడు. సైన్యసహకారపు ఖర్చుకు బదులుగా జరిగిన దానమది. కంపెనీ వాటిని ‘సీడెడ్’ జిల్లాలంది. తెలుగువారు ‘దత్తమండలాలు’ అన్నారు. నిజానికి ఈ పేరు కర్నూలు పట్టణానికి, నవాబు ఏలుబడిలోని దాని పరిసరాలకు చరిత్రరీత్యా సరిపోదు. కంపెనీ ఆ ప్రాంతాన్ని 1839లో నేరుగా ఆక్రమించి కలుపుకొన్నది. ఎవరూ ఇచ్చింది కాదు. అయినా వాడుకలో కర్నూలు కూడా దత్తమే అయింది. విశేషణాలు సరిహద్దులను ఖాతరు చేయవని అప్పటికే రుజువైంది.

1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్రమహాసభ జరిగిన సందర్భంలో ఈ పేరుమీద అభ్యంతరం బలంగా వ్యక్తమైంది. చిలుకూరి నారాయణరావుగారి ప్రతిపాదనతో ‘రాయలసీమ’ అన్న పేరు ఆమోదం పొందింది. ‘దత్త’ అనడంలో ఉన్న అవమానం ఎటువంటిదో తెలుగువారికి చెప్పనక్కరలేదు. దత్తుడు తనంత తానుగా ఎక్కడికీ పోడు. ఒకరు ఇస్తే మరొకరు తీసుకొంటారు. ఆ మాటను తీసివేసి ఒక రాజ్యస్మృతిని పేరుగా పెట్టుకోవడం ఆనాటి ఆత్మగౌరవ చర్య. 1926లో అనంతపురం నుండి పప్పూరి రామాచార్యులు ప్రారంభించిన శ్రీ సాధన పత్రిక వంటి స్థానిక పత్రికలున్న కాలమది. పేరు ఎంత త్వరగా వ్యాపించిందో చూస్తే పత్రికల పాత్రను ఊహించవచ్చు.

కాని వ్యాకరణదృష్టితో చూస్తే ‘దత్త’లో ఒక సుగుణముంది. సంస్కృతంలో క్తప్రత్యయాంతమైన కర్మార్థక రూపమది. ‘నిజాముచేత దత్తమైన’ అనవచ్చు, ‘కంపెనీకి దత్తమైన’ అనవచ్చు. ఇచ్చినవాడికీ పుచ్చుకొన్నవాడికీ రెండు విభక్తులలో చోటు అట్టేపెట్టిన పదం. అవమానకరమే అయినా అది ఒక లావాదేవీని జ్ఞాపకం పెట్టుకొంది. ‘వెనుకబడిన’ అనే పదం అంతకంటే మృదువుగా, మర్యాదగా వినిపిస్తుంది, కాని దానికి జ్ఞాపకం లేదు. 1928లో దత్తశబ్దాన్ని వదిలించుకొన్న ప్రాంతం తరువాతి అర్ధశతాబ్దిలో ‘వెనుకబడిన’ను ఏ అభ్యంతరమూ లేకుండా, ఒక్కొక్కప్పుడు తానే కోరి, మెడలో వేసుకొంది. ఎందుకు కోరిందో చూడాలి.

జాబితాలోని పదం, వార్తలోని పదం

పరిపాలనాభాషలో ‘బ్యాక్‌వర్డ్’ ఒక సాంకేతిక పదం. రాజ్యాంగంలోని 340వ అధికరణ సాంఘికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతుల స్థితిగతుల పరిశీలనకు కమిషన్ ఏర్పాటుచేసే వీలు కల్పించింది. అక్కడ ఈ పదానికి కమిషన్లు ఉన్నాయి, కొలమానాలున్నాయి, కోర్టులో సవాలు చేసే దారి ఉంది. ముఖ్యంగా దాని వెంట ఒక హక్కు వస్తుంది. ప్రాంతాల విషయంలో దారి వేరుగా నడిచింది. 1968లో పరిశ్రమల వ్యాప్తిని గురించి ఏర్పడిన పాండే, వాంచూ బృందాలు పారిశ్రామికంగా వెనుకబడిన ప్రాంతాలను గుర్తించే కొలతలను, అక్కడ పరిశ్రమ పెట్టేవారికి ఇవ్వవలసిన రాయితీలను సూచించాయి. గమనించవలసిందేమిటంటే, ఇక్కడ విశేషణం ప్రాంతానిది, రాయితీ మాత్రం పరిశ్రమ పెట్టేవారిది. 1973 నాటి ఆరు సూత్రాల పథకంలో రాష్ట్రంలోని వెనుకబడిన ప్రాంతాల సత్వరాభివృద్ధి ఒక సూత్రంగా చేరింది.

ఈ జాబితాలను పక్కపక్కన పెడితే పదం నిలకడలేనితనం తెలుస్తుంది. 2006-07లో మొదలైన వెనుకబడిన ప్రాంతాల గ్రాంటు నిధి పథకానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుండి 13 జిల్లాలను ఎంపికచేశారు. కడప, అనంతపురం, చిత్తూరు జిల్లాలు అందులో ఉన్నాయి, కర్నూలు లేదు. రాష్ట్రవిభజన తరువాత రాయలసీమలోని నాలుగు జిల్లాలకూ ఉత్తరాంధ్రలోని మూడు జిల్లాలకూ కలిపి జిల్లాకు 50 కోట్ల చొప్పున ఏడాదికి 350 కోట్ల ప్రత్యేక సహాయాన్ని కేంద్రం ఇచ్చినప్పుడు కర్నూలు వెనుకబడిన జిల్లా అయింది. తుంగభద్ర ఒడ్డున అదే ఊరు. ఆలూరు, ఆదోని, పత్తికొండల అదే మెట్టభూమి. ఒక దస్త్రంలో వెనుకబడలేదు, మరొక దస్త్రంలో వెనుకబడింది. జాబితాలోని పదానికి ఇది దోషం కాదు, జాబితా అంటేనే ఒక ప్రయోజనానికి గీసుకొన్న గీత. వార్తలోని పదానికి ఇది దోషమే, ఎందుకంటే వార్త ఆ గీతను చెరిపివేసి పదాన్ని మాత్రం ఉంచుకొంటుంది.

2014 పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 46వ సెక్షన్ దీనికి మంచి ఉదాహరణ. అందులో రెండవ ఉపసెక్షన్ రాష్ట్రంలోని వెనుకబడిన ప్రాంతాలకు ప్రత్యేకాభివృద్ధి ప్యాకేజీ రూపంలో ప్రయోజనాలు అందేలా చూడడాన్ని గురించి చెబుతుంది. మూడవ ఉపసెక్షన్, ఆ ప్యాకేజీని పరిశీలించేటప్పుడు ముఖ్యంగా రాయలసీమకు, ఉత్తర కోస్తా ప్రాంతానికి తగిన ప్రోత్సాహకాలు ఇవ్వాలంటుంది. ‘వెనుకబడిన’ అన్న విశేషణం ఒక ఉపసెక్షన్లో ఉంది, ‘రాయలసీమ’ అన్న విశేష్యం ఇంకొక ఉపసెక్షన్లో ఉంది. శాసనం రాయలసీమ పేరెత్తినచోట ఆ పేరుకు ముందు ఏ విశేషణమూ పెట్టలేదు. వార్తాకథనాలలో ఈ రెండు వాక్యాలూ కలిసిపోయి ‘వెనుకబడిన రాయలసీమ, ఉత్తరాంధ్రలకు ప్యాకేజీ’ అయ్యాయి. స్థలాభావంవల్ల చేసిన కుదింపు అని ఉపసంపాదకులు అనవచ్చు. ఆ కుదింపులో ప్రాంతం పేరు నేరుగా చెప్పినందువల్ల కలిగిన నిర్దిష్టమైన హామీ పోయి, వర్గీకరణ మీద ఆధారపడిన దయ మిగిలింది.

హేతువు మారిన చోటు

ఇక నమూనా వాక్యాలు. ‘వెనుకబడిన రాయలసీమ అభివృద్ధికి ప్రభుత్వం కట్టుబడి ఉంది.’ ‘వెనుకబడిన రాయలసీమకు సాగునీరు ఇవ్వాలని నేతలు కోరారు.’ ‘వెనుకబడిన సీమకు విశ్వవిద్యాలయం మంజూరు.’ మూడింటిలోనూ ఇది హేతుగర్భ విశేషణమే. ఎందుకు కట్టుబడి ఉంది? వెనుకబడింది కనుక. ఎందుకు నీరివ్వాలి? వెనుకబడింది కనుక. వినడానికి సహేతుకంగానే ఉంది. కాని ఈ హేతువు వచ్చి కూర్చున్న కుర్చీలో ఇంతకుముందు మరొక హేతువు ఉండేది.

1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఇంట కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికను ఈ దృష్టితో చదవాలి. ఆంధ్రపత్రిక స్థాపకుని ఇంటి పేరే ఆ ఒడంబడికకు పేరైంది. తెలుగు పత్రికారంగానికీ సీమ ప్రశ్నకూ ఉన్న బంధుత్వం అంత పాతది. సాగునీటి అంశంలో ఆ ఒడంబడిక చెప్పిన సారం ఇది: రాయలసీమ, నెల్లూరుల వ్యవసాయ ఆర్థిక ప్రయోజనాలను కోస్తా జిల్లాల స్థాయికి తీసుకొని రావడానికి పదేళ్ళపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువకాలం, తుంగభద్ర, కృష్ణ, పెన్న జలాల వినియోగంలో ఆ ప్రాంతాలకు ప్రాధాన్య హక్కు ఉండాలి. విద్యార్థి అడిగిన ‘ఎవరికంటే’ అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబుంది: కోస్తా జిల్లాల కంటే. గడువు ఉంది. నదుల పేర్లున్నాయి. ఇచ్చిపుచ్చుకొనే పక్షాలు రెండూ ఉన్నాయి. విశేషణం మీద నడిచే వాక్యం కాదది. నామవాచకాల మీద నడిచే వాక్యం.

‘శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం సాగునీరు ఇవ్వాలి’ అన్న వాక్యానికీ ‘వెనుకబడిన రాయలసీమకు సాగునీరు ఇవ్వాలి’ అన్న వాక్యానికీ మధ్య జరిగింది హేతువు మార్పు. మొదటిదానిలో ఇవ్వకపోతే మాట తప్పినట్లు. రెండవదానిలో ఇవ్వకపోతే జాలి చూపనట్లు. మాట తప్పినవారిని ప్రశ్నించవచ్చు. జాలి లేనివారిని నిందించడం తప్ప చేయగలిగింది లేదు. విచిత్రమేమిటంటే, సీమనేతల వినతిపత్రాలలోనూ, ఉద్యమసంఘాల కరపత్రాలలోనూ ఈ రెండవ వాక్యమే తరచు కనిపిస్తుంది. వారు విలేకరికి అందించిన మాటనే విలేకరి అచ్చువేశాడు. పత్రికను మాత్రమే దోషిని చేయడం న్యాయం కాదు. నిధులు ఆ పదం ఉన్న పద్దుకింద వస్తున్నప్పుడు, పదాన్ని అడగకుండా నిధులు అడగడం కష్టం. విశేషణాన్ని సీమ కోరి వేసుకొన్నదని పైన అన్నది ఈ అర్థంలోనే.

విశేషణం ఎక్కడ రాదో చూడడం కూడా పరిశోధనలో భాగమే. మంగంపేట ముగ్గురాయి, బేతంచెర్ల నాపరాయి, ఎర్రగుంట్ల పరిసరాల సిమెంటు సున్నపురాయి, తుమ్మలపల్లె యురేనియం వార్తలకెక్కినప్పుడు ప్రాంతం ‘అపార ఖనిజసంపద గల’దవుతుంది. ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు గురించి రాసినప్పుడు ‘విస్తారమైన బీడుభూములు గల’దవుతుంది, ఆ బీడులో గొర్రెలు మేపుకొన్నవారి దృష్టిలో అది బీడు కాదన్నది వేరే సంగతి. శ్రీశైలం జలాశయం నిండితే మొదటి పేజీలో ‘నిండుకుండ’. ఆ కుండ అడుగున కర్నూలు జిల్లా గ్రామాలున్నాయని, పాత సంగమేశ్వరం గుడి నీరు తగ్గినప్పుడు తేలుతుందని అదే పత్రిక వేసవిలో ఫొటోతో సహా రాస్తుంది. ఒకే జిల్లా, ఒకే రోజు, తీసుకోవలసినది ఉన్న వార్తలో సంపన్నం, ఇవ్వవలసినది ఉన్న వార్తలో వెనుకబాటు. రెండు విశేషణాలూ ఒక వాక్యంలో కలవడం నేను ఎప్పుడూ చూడలేదు. కలిస్తే ‘సంపన్నమైనా వెనుకబడిన’ అన్న ఆ ‘అయినా’ దగ్గర పాఠకుడు ఆగి కారణం అడుగుతాడు.

‘కరవు’కు కూడా ఇదే గతి పట్టింది, సంగ్రహంగా చెబుతాను. జనం కరవుకు సంవత్సరం పేరు పెట్టుకొన్నారు. 1832-33 నాటిది నందన కరవు, 1876-78 నాటిది ధాత కరవు. సంవత్సరనామం ఉన్న కరవుకు మొదలూ తుదీ ఉంటాయి, వచ్చింది, పోయింది. 1952 నాటి కరవును గంజికేంద్రాల జ్ఞాపకంతో చెప్పుకొన్నారు. ఆంగ్లంలోని ‘క్రానిక్’ను అనువదించి పత్రికలు ‘నిత్యకరవు సీమ’ అన్నాయి. వైద్యభాషలో దీర్ఘరోగానికి వాడే ఆ మాట తెలుగులో ‘నిత్య’ అయి, ఏకంగా కాలాన్నే రద్దు చేసింది. సుంకేసుల నుండి నంద్యాల మీదుగా కడప వరకు పందొమ్మిదవ శతాబ్దిలోనే తవ్విన కె.సి. కాలువ ఆయకట్టులో వరి పండించుకొనే రైతు కూడా ఈ ‘నిత్య’లో భాగమైపోయాడు.

దీనికి ప్రతిగా ఒక అభ్యంతరం ఉంది, అది బలమైనదే. వెనుకబడిన మాట నిజం కాదా? తాగునీటికి బిందెలతో బారులు తీరిన ఊళ్ళు, సుగ్గికి పిల్లాపాపలతో వలసపోయే ఆలూరు, కోసిగి పల్లెలు కళ్ళముందున్నప్పుడు పదం గురించి తర్కించడం పండితవిలాసం కాదా? నిజస్థితిని దాచమని ఈ వ్యాసం అనడం లేదు. ఆ స్థితిని చెప్పడానికి ఈ విశేషణం చాలదని, చాలకపోగా అడ్డుపడుతుందని మాత్రమే అంటున్నది. విద్వాన్ విశ్వం వృత్తిరీత్యా పత్రికా సంపాదకులు. ఆయన ‘పెన్నేటి పాట’లో సీమ దైన్యాన్ని చెప్పడానికి ఒక కుటుంబాన్ని, ఒక ఏటిని ఎన్నుకొన్నారు. పాఠకుడి మనసులో నిలిచింది ఆ మనుషులే. వలస వార్తలో ఊరి పేరు, ఎండిన బోరు లోతు, సుగ్గిలో దొరికే కూలి ఉంటే ‘వెనుకబడిన’ అవసరం ఉండదు. అవి లేనిచోటనే అది వస్తుంది.

తెలంగాణ అనుభవం ఇక్కడ పోలికకు పనికివస్తుంది. ఒకప్పుడు పత్రికలలో ‘వెనుకబడిన తెలంగాణ’ కూడా ఇంతే సహజమైన పదబంధం. ఉద్యమభాష దానిని క్రమంగా పక్కకు తోసింది. వెనుకబడింది కాదు, వెనక్కి నెట్టారన్న వాదం ముందుకు వచ్చింది. ‘నీళ్ళు, నిధులు, నియామకాలు’ అన్న మూడు నామవాచకాలు నినాదమయ్యాయి. మూడూ లెక్కకు వచ్చేవి, మూడింటిలోనూ వాటా అడగవచ్చు. ‘వెనుకబాటు’ ఉన్నచోట ‘వివక్ష’ వచ్చింది. వివక్షకు చేసేవాడు ఉండి తీరాలి. ఆ రాజకీయంతో ఏకీభవించనివారు కూడా ఆ వ్యాకరణపు మార్పును గుర్తించక తప్పదు. సీమ వార్తలలో అటువంటి మార్పు సంపాదకీయ పుటల్లో అక్కడక్కడ కనిపిస్తుంది గాని, వార్తాకథనపు మొదటి వాక్యం వరకు ఇంకా దిగిరాలేదు.

‘ఆకాంక్షిత’

2018 జనవరిలో కేంద్రం ఒక కొత్త కార్యక్రమం ప్రారంభించింది. వెనుకబడిన జిల్లాలన్న పాత పేరును వదిలి ‘యాస్పిరేషనల్’ జిల్లాలంది. ఆంధ్రప్రదేశ్ నుండి విజయనగరం, విశాఖపట్నం, కడప జిల్లాలు ఎంపికయ్యాయి. కర్నూలు మళ్ళీ లేదు. విశేషణం అవమానకరమని ప్రభుత్వమే గ్రహించి మార్చడం ఆహ్వానించదగినదే. హిందీలో దీనిని ‘ఆకాంక్షీ’ అన్నారు; ఆకాంక్ష గలది, కోరుకొనేది అని అర్థం. మన పత్రికలలోనూ ప్రకటనలలోనూ ఇది ‘ఆకాంక్షిత జిల్లాలు’ అయింది.

క్తప్రత్యయం సకర్మక ధాతువు మీద చేరితే కర్మార్థాన్ని ఇస్తుందని మన విద్యార్థులకు మొదటి సంవత్సరంలోనే చెబుతాం. ‘లిఖితం’ రాయబడినది, ‘పూజితుడు’ పూజింపబడినవాడు. ఆ లెక్కన ‘ఆకాంక్షిత’ అంటే కోరుకొనేది కాదు, ఇతరులచేత కోరబడినది. కడప జిల్లా ఏదో కోరుకొంటున్నదని చెప్పబోయి, కడప జిల్లాను ఎవరో కోరుకొంటున్నారని చెప్పాం. ముగ్గురాయి, సున్నపురాయి, యురేనియం ఉన్న నేల విషయంలో ఈ పొరపాటు పూర్తిగా అబద్ధమని అనలేము. ‘దత్త’లో ఉన్న క్తప్రత్యయమే ఇది కూడా. కాకపోతే ఆనాటి విశేషణానికి ఇచ్చినవాడి పేరు తెలుసు.

ఇప్పటికీ ఆ కార్యక్రమపు వార్తలు రాసేటప్పుడు జిల్లా విలేకరి రెండవ పేరాలో ‘ఆకాంక్షిత జిల్లాలు అంటే వెనుకబడిన జిల్లాలు’ అన్న వివరణ ఇస్తూనే ఉన్నాడు, పాఠకుడికి అర్థం కాదేమోనని.